మికాడో ఆగింది పిరికితనం వల్ల కాదు
బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన 1982 ఫాక్లాండ్స్ యుద్ధంలో బ్రిటన్ తన ‘ఆపరేషన్ మికాడో’ను రద్దు చేయడం పిరికితనమని ఒక వ్యాసంలో వ్యాసకర్త తేల్చేశారు. నేను ఒప్పుకోను. పథకం ఏమిటి? యాభై మందికి పైగా ఎస్‌ఏఎస్ (బ్రిటిష్ ప్రత్యేక దళం) సైనికులతో రెండు హెర్క్యులిస్ రవాణా విమానాలను అర్జెంటీనాలోని రియో గ్రాండే వైమానిక స్థావరం రన్‌వే మీదే దించి, నౌకలను ముంచే ఎక్సోసెట్ క్షిపణులనూ వాటిని మోసే సూపర్ ఎతాందార్ విమానాలనూ ధ్వంసం చేయడం. 1976లో ఇజ్రాయెల్ కమాండోలు ఉగాండాలోని ఎంటెబీ విమానాశ్రయంలో దిగి బందీలను విడిపించిన దాడి ఇక్కడ నమూనా. కానీ ఎంటెబీలో ఉగాండా సైన్యం ఏమరుపాటుగా ఉంది, ఇక్కడ అర్జెంటీనా యుద్ధం మధ్యలో ఉంది. పైగా తిరుగు ప్రయాణానికి ఇంధనం చాలదు. బతికినవాళ్లు చిలీ సరిహద్దు చేరుకోవాలి. దారి చూసి రమ్మని ముందుగా పంపిన సీ కింగ్ హెలికాప్టరే పొగమంచులో పని పూర్తికాక చిలీలో దిగింది, సిబ్బందే దాన్ని తగలబెట్టారు. ఇంత జరిగాక కూడా వెళ్లాల్సిందేనంటే అది మొండితనం. ఎక్సోసెట్ తగిలి బ్రిటిష్ యుద్ధనౌక షెఫీల్డ్‌లో 20 మంది చనిపోయాక లండన్‌లో పుట్టిన ఆందోళన నాకు అర్థమవుతుంది. అయితే విమానాల నుంచి ప్రయోగించే ఎక్సోసెట్‌లు అర్జెంటీనా దగ్గర మొత్తం ఉన్నవే అయిదు, షెఫీల్డ్‌పై దాడి జరిగిన మే 4న రెండు అయిపోయాయి. మిగిలిన మూడింటి కోసం యాభై మందిని పణం పెట్టవచ్చా? మే 25న ఎక్సోసెట్ దెబ్బతిన్న బ్రిటిష్ సరుకు నౌక అట్లాంటిక్ కన్వేయర్ నష్టం చిన్నది కాదు, నిజమే. కానీ ఆ సంగతి అంతా జరిగాక కూర్చుని లెక్కవేయడం మనకు సులువు. ఈ పథకాన్ని వ్యతిరేకించినవారిలో అనుభవజ్ఞులైన ఎస్‌ఏఎస్ సైనికులే ఉన్నారన్న విషయం వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు.