శాంసన్ ఆకమ్ తెచ్చిన డబ్బు ఎవరి చదువుకైంది?

అమెరికా తొలి కాలేజీలు పాస్టర్ల కోసం పుట్టాయని అంటారు. చాలావరకు నిజమే. 1636లో మసాచుసెట్స్ సభ హార్వర్డ్‌కు 400 పౌండ్లు కేటాయించింది. తమ పాస్టర్లు కాలం చేశాక చదువురానివాళ్ల చేతిలో చర్చిలు పడతాయేమోనని ప్యూరిటన్ల భయం; ప్యూరిటన్లంటే ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక క్రైస్తవ వర్గం. 1701లో యేల్‌ను పెట్టిందీ పాస్టర్లే. ప్రిన్స్‌టన్ వెనుక ప్రెస్బిటేరియన్లు, బ్రౌన్ వెనుక బాప్టిస్టులు అనే క్రైస్తవ శాఖలవాళ్లు ఉన్నారు.

కానీ ఆ భక్తి ఇంకొకరికి కూడా మాట ఇచ్చింది. హార్వర్డ్ 1650 చార్టర్ (అధికార పత్రం)లో ఇంగ్లిషు యువకులతో పాటు 'ఇండియన్' యువకుల పేరూ ఉంది. ఇండియన్లంటే అక్కడి ఆదివాసులు. వాళ్ల కోసం ఇంగ్లండ్ విరాళాలతో ఒక ఇటుక భవనమూ కట్టారు. వాంపనోగ్ తెగకు చెందిన కేలబ్ అనే యువకుడు లాటిన్, గ్రీకు చదివి 1665లో పట్టా పుచ్చుకున్నాడు, మరుసటి ఏడాదే క్షయతో పోయాడు. 1698లో ఆ భవనాన్ని పడగొట్టేశారు.

డార్ట్‌మత్ కాలేజీ కథ ఇంకా బాధ పెడుతుంది. మొహీగన్ తెగవాడైన శాంసన్ ఆకమ్ స్వయంగా పాస్టర్. ఆదివాసీ పిల్లల బడి కోసం డబ్బు కావాలని గురువు ఎలియజర్ వీలాక్ అడిగితే ఓడెక్కి బ్రిటన్ వెళ్లాడు. రెండేళ్లకు పైగా ఊరూరా తిరిగి 300కు పైగా ప్రసంగాలు చేశాడు. మూడో జార్జి రాజే 200 పౌండ్లు ఇచ్చాడు. మొత్తం సుమారు 12,000 పౌండ్లు, ఆ రోజుల్లో చాలా పెద్ద సొమ్ము. 1768లో ఇంటికొచ్చి చూస్తే, వీలాక్ చూసుకుంటానన్న భార్యాపిల్లలు లేమిలో ఉన్నారు. ఆ బడి నుంచి పుట్టి 1769లో చార్టర్ పొందిన డార్ట్‌మత్ కాలేజీ న్యూ హాంప్‌షైర్‌కు వెళ్లింది, అక్కడ తెల్లవాళ్ల పిల్లలే నిండారు. మా వాళ్ల పేరు చెప్పి తెచ్చిన డబ్బు మా వాళ్లకు అందడం లేదని 1771లో ఆకమ్ వీలాక్‌కు ఉత్తరం రాశాడు.

దీన్ని ఆ కాలపు పరిస్థితి అని సర్దిచెప్పడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. అది తప్పని ఆ కాలంలోనే, ఆ మతంలోనే ఉన్న మనిషి ముఖం మీదే చెప్పాడు కదా! తొలి 200 ఏళ్లలో డార్ట్‌మత్ నుంచి పట్టా పొందిన ఆదివాసులు 19 మందే. 1970లో కాలేజీ అధ్యక్షుడు జాన్ కెమెనీ పాత మాటను మళ్లీ ఇచ్చాకే వాళ్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో చేరారు. 2022లో డార్ట్‌మత్ ఆకమ్ స్వయంగా రాసుకున్న కాగితాలను మొహీగన్ తెగకు తిరిగి అప్పగించింది.