కన్వర్టర్ కొనే ముందు ఛార్జర్ వెనక చదవండి

‘ఫారిన్ పోయే ఫోటోగ్రాఫర్ అన్నలకు గమనిక’ అంటూ ఒక మెసేజ్ నల్లగొండ, మహబూబ్‌నగర్ గ్రూపుల్లో చేతులు మారుతోంది. అందులో నాలుగు మాటలున్నాయి. అమెరికాలో కరెంటు 110 వోల్టులే కాబట్టి మన ఛార్జర్ పెడితే బ్యాటరీ సగమే నిండుతుందట. అక్కడి 60 హెర్ట్జ్‌కు (కరెంటు సెకనుకు అటూ ఇటూ ఊగే లెక్క, మనది 50) బ్యాటరీలు ఉబ్బుతాయట. ఏ దేశం పోయినా కన్వర్టర్, అంటే వోల్టేజీ మార్చే పెట్టె, లేనిదే పని జరగదట. బ్యాటరీలు చేతి బ్యాగులో ఉంటే ఎయిర్‌పోర్టులో లాగేసుకుంటారు, పెద్ద సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకోవాలట. మిర్యాలగూడ నుంచి డాలస్‌కో, పాలమూరు నుంచి దుబాయ్‌కో పెళ్లి షూటింగుకు పోయేవాళ్లు ఇది నమ్మి ఇనుప పెట్టె లాంటి ట్రాన్స్‌ఫార్మర్లు కొంటున్నారు. మొదటి మూడూ డబ్బు దండగ మాటలు. నాలుగోది ప్రమాదం.

‘110 వోల్టులకు బ్యాటరీ సగమే నిండుతుంది.’

ఛార్జర్‌ను బోర్లించి, వెనక సన్నక్షరాల్లో ఇన్‌పుట్ అని ఉన్న వరస చూడండి. కానన్ ఎల్‌పీ-ఈ6ఎన్ బ్యాటరీతో వచ్చే ఎల్‌సీ-ఈ6ఈ ఛార్జర్ మీద ఏసీ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటుంది. దాని కిందే అవుట్‌పుట్: డీసీ 8.4 వోల్టులు, 1.2 ఆంపియర్లు. ఏసీ అంటే గోడలోంచి వచ్చే, అటూ ఇటూ ఊగే కరెంటు; డీసీ అంటే బ్యాటరీకి కావాల్సిన, ఒకే దిక్కున పోయే కరెంటు. నికాన్ ఎంహెచ్-25ఏ మీదా ఇవే అంకెలు. గోడలోంచి 230 వచ్చినా, అమెరికాలో లాగా 120 వచ్చినా, జపాన్‌లో లాగా 100 వచ్చినా బ్యాటరీకి అందేది ఆ 8.4 వోల్టులే. ఖాళీ బ్యాటరీ నల్లగొండలో రెండున్నర గంటల్లో నిండితే డాలస్‌లోనూ అంతే పడుతుంది.

లోపల జరిగేది ఇది. వచ్చిన ఏసీని ఛార్జర్ ముందు డీసీగా మారుస్తుంది. మన 230 వోల్టుల నుంచి సుమారు 325, అమెరికా 120 నుంచి సుమారు 170 వోల్టుల డీసీ తయారవుతుంది. ఒక ట్రాన్సిస్టర్ దాన్ని సెకనుకు వేలసార్లు ఆపుతూ వదులుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపుతుంది. వోల్టేజీ తగ్గితే వదిలే సమయం కొంచెం పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. దీని రుజువు కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. దేవరకొండ వైపు ఊళ్లలో బోరు మోటార్లన్నీ ఒక్కసారి నడిచే వేళ లో వోల్టేజీ వచ్చి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత మెల్లగా తిరుగుతుంది, ట్యూబ్‌లైటు కొట్టుకుంటుంది. అదే బోర్డులో ఉన్న కెమెరా ఛార్జర్‌కు ఆ సంగతే పట్టదు.

మరి ఈ పుకారు ఎక్కడ పుట్టింది? వేడి చేసే వస్తువుల దగ్గర. మన 1500 వాట్ల హెయిర్ డ్రయ్యర్ అమెరికా కరెంటుకు 400 వాట్ల పని మాత్రమే చేస్తుంది, గాలి గోరువెచ్చగా వస్తుంది. తిరుగుదారి ఇంకా చెడ్డది. అక్కడి చుట్టాలు పంపిన, 120 వోల్టులు అని మాత్రమే రాసున్న రైస్ కుక్కర్ ఇక్కడి బోర్డులో పెడితే మూడున్నర రెట్లకు పైగా వేడి పుట్టి మాడిపోతుంది. కుక్కర్ కథను కెమెరాకు అంటగట్టారు.

అయితే ఫోటోగ్రాఫర్ సంచిలోనూ రెండు వస్తువుల్ని అనుమానించాల్సిందే. ఒకటి, ఫ్లాష్‌లో వేసే డబుల్ ఏ సెల్లుల చవక ఛార్జర్. కొన్నిటి మీద 220-240 అని మాత్రమే ఉంటుంది. రెండు, ప్లగ్గులో పెట్టి వాడే స్టూడియో లైట్లు. మీ దాని మీద 100-240 అని లేకపోతే అమెరికాకు మోయొద్దు, అక్కడే అద్దెకు తీసుకోండి.

‘60 హెర్ట్జ్‌కు బ్యాటరీ ఉబ్బుతుంది.’

బ్యాటరీకి హెర్ట్జ్ చేరనే చేరదు, దానికి అందేది డీసీ. బ్యాటరీ ఉబ్బేది వేడికి, వయసుకు, పరిమితి దాటించే నాసిరకం ఛార్జర్‌కు. ఎండాకాలం దుబాయ్‌లో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన బ్యాటరీ ఉబ్బితే ఆ తప్పు కరెంటుది కాదు. చలిదేశాల్లో మరో జాగ్రత్త: మంచులోంచి తెచ్చిన బ్యాటరీని అలాగే ఛార్జింగుకు పెట్టకండి. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. ముందు గది వేడికి రానివ్వండి.

60 హెర్ట్జ్ నిజంగా తగిలేది షట్టర్‌కు. అమెరికా ఫంక్షన్ హాళ్ల లైట్ల కింద మన అలవాటు 1/50 సెకను షట్టర్ వేగంతో వీడియో తీస్తే బొమ్మ మినుకుమినుకుమంటుంది, అక్కడ 1/60 లేదా 1/120 పెట్టాలి. ఈ ఒక్క ముక్క రాసుంటే ఆ మెసేజ్ పదిమందికి పనికొచ్చేది.

‘ఏ దేశం పోయినా కన్వర్టర్ తప్పనిసరి.’

దుబాయ్‌లో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. లండన్, సింగపూర్ అంతే. మన కరెంటే! మారేది సాకెట్ ఆకారం. ఈ మూడుచోట్లా దీర్ఘచతురస్రపు పిన్నులు మూడు, అమెరికా, జపాన్‌లలో రెండు బల్లపరుపు పిన్నులు, ఆస్ట్రేలియాలో ఏటవాలు పిన్నులు. కావాల్సింది పిన్ను ఆకారం మార్చే అడాప్టర్. అది వోల్టేజీని ముట్టుకోదు.

ఎల్‌సీ-ఈ6ఈ లాగా వైరు విడిగా వచ్చే ఛార్జర్ అయితే అడాప్టర్ కూడా అక్కర్లేదు. పాత టేప్ రికార్డర్లకు ఉండేదే, ఎనిమిది అంకె ఆకారంలో మూతి ఉన్న వైరు. ఆ దేశపు ప్లగ్గుతో అలాంటి వైరు ఒకటి కొనుక్కుంటే చాలు. అమెరికాలో ఇది మరీ మేలు, ఎందుకంటే అక్కడి అరిగిన సాకెట్లలో బరువైన యూనివర్సల్ అడాప్టర్ నిలవదు, ఛార్జర్‌తో సహా వాలి ఊడిపోతుంది. జపాన్ పోయేవాళ్లు రెండు పిన్నులూ ఒకే వెడల్పున్నది చూసి కొనాలి. అమెరికా ప్లగ్గులో ఒక పిన్ను వెడల్పు, జపాన్‌లోని పాత సాకెట్లలో దూరదు.

గల్ఫ్‌లో మనవాళ్లు చేసే పని ఒకటుంది: మూడు పిన్నుల సాకెట్ పై రంధ్రంలో పెన్ను గుచ్చి, కింద మన రెండు పిన్నుల ప్లగ్గు దూర్చడం. పై పిన్ను దిగితేనే కింది మూతలు తెరుచుకునేలా చేసింది పిల్లలు షాక్ కొట్టించుకోకుండా. పెన్నుతో ఆ రక్షణ పోతుంది, గుండ్రటి పిన్ను వదులుగా కూర్చుని నిప్పురవ్వలు లేస్తాయి. దానికంటే ఒక్క అడాప్టర్, దానికి మన స్పైక్ బస్టర్ ఒకటి తగిలిస్తే నాలుగు ఛార్జర్లు నడుస్తాయి. ఒక్కోటి పాతిక వాట్లకు మించి తీసుకోదు కాబట్టి నాలుగూ కలిపి 120 వోల్టుల మీద కూడా ఒక ఆంపియర్‌లోపే. ఇస్త్రీపెట్టె మాత్రం దానికి తగిలించొద్దు. అమెరికాలో కొన్న సర్జ్ ప్రొటెక్టర్‌ను (అక్కడి స్పైక్ బస్టర్) మన 230కి పెడితే అందులోని రక్షణ ముక్క పేలిపోవచ్చు.

బ్యాటరీ తెల్లారేసరికి ఖాళీగా ఉందంటే అసలు దొంగ తరచుగా హోటల్ గదే. తలుపు దగ్గర కార్డు తీయగానే సాకెట్లన్నీ ఆగిపోతాయి. ఫ్రిజ్‌కు వచ్చే సాకెట్ ఆగదేమో చూడండి, లేదా రెండో కార్డు అడగండి. కొన్ని అమెరికా హోటళ్లలో గోడ మీది లైటు స్విచ్చే ఒక సాకెట్‌నూ ఆపేస్తుంది. పెట్టాక ఛార్జర్ లైటు వెలిగిందా, స్విచ్ ఆపినా వెలుగుతోందా అని చూసి పడుకోండి.

‘బ్యాటరీలు సూట్‌కేసులో పెట్టండి.’

పూర్తిగా తలకిందులు. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చెక్-ఇన్ సామానులో నిషిద్ధం, చేతి బ్యాగులోనే ఉండాలి. విమానం అడుగున పొగ వస్తే ఆర్పే మనిషి ఉండడు, పైన ఉంటాడు. ఎల్‌పీ-ఈ6ఎన్ 14 వాట్-అవర్లు (బ్యాటరీలో పట్టే శక్తి లెక్క), సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 16.4. ఒక్కో బ్యాటరీకి పరిమితి 100, అన్నీ కలిపి కాదు. పవర్ బ్యాంకు మీది 20,000 ఎంఏహెచ్‌ను 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్-అవర్లు, సరిపోతుంది. 30,000ది 111, దానికి ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. ఎన్ని బ్యాటరీలు, పవర్ బ్యాంకును విమానంలో వాడొచ్చా అన్న విషయాల్లో ఎయిర్‌లైన్లు తమ నియమాలు బిగిస్తున్నాయి, టికెట్ కొన్న సంస్థ నియమం చదువుకోండి.

బ్యాటరీల లోహపు చుక్కలు తాళంచెవికో నాణేనికో తగిలితే షార్ట్ అవుతాయి. ప్లాస్టిక్ మూత పెట్టండి, అది పోతే టేపు అంటించండి. ఇంకొకటి: పైన అరలు నిండి, గేటు దగ్గర మీ చేతి బ్యాగును కింద సామానులో వేస్తామంటే, ఇచ్చే ముందు బ్యాటరీలన్నీ తీసి చేతిలో పెట్టుకోవాలి. అందుకే వాటిని మొదటినుంచీ విడి సంచిలో, పై జేబులో ఉంచండి.