గోడకు రంగు వేసేలోపే కొలవాలి

హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వరదలు తగ్గిన వారానికి ఓ చెరువు దిగువన ఉన్న కాలనీకి వెళ్లాను. ముందు గదిలో, గోడ మీద నా ఛాతీ ఎత్తున బురద గీత. దాని కింద పెయింట్ పొక్కులు పొక్కులుగా లేచింది. ఇంటి యజమాని అప్పటికే కొత్త పెయింట్ డబ్బా తెచ్చి పెట్టుకున్నాడు. "ఈ గీత కనబడితే కిరాయికి ఎవరొస్తరు సార్?" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. కానీ గీతతోపాటు, ఆ గల్లీలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయన్న లెక్క కూడా చెరిగిపోయింది.

విపత్తుల మీద పరిశోధన చేసేవాళ్లకు హైదరాబాద్‌లో కొదవ లేదు. ఇక్కడి సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం నడుపుతోంది. ఉపగ్రహ చిత్రాలతో వరద మ్యాపులు తయారుచేసే ఇస్రో కేంద్రం ఎన్ఆర్ఎస్సీ కూడా ఇక్కడే ఉంది. అయినా గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకు దిగే మనిషికి, పెద్దవాన పడితే ఇంట్లోకి ఎన్ని అడుగుల నీళ్లొస్తాయో చెప్పేవాళ్లు లేరు. ఇరుకు గల్లీలో నిలిచిన నీటిని ఉపగ్రహం పట్టుకోవడం కష్టం. స్లాబు వేసి మూసేసిన నాలాలో పూడిక ఎంతుందో పైనుంచి అసలే కనిపించదు. కంప్యూటర్ మోడల్ చెప్పిన లోతు నిజమో కాదో తేలాలంటే గోడ మీది గీతే కావాలి.

1908 సెప్టెంబరులో మూసీ వేలమందిని పొట్టన పెట్టుకున్నాక ఇంజనీరు విశ్వేశ్వరయ్య నగరంలోని నది ఒడ్డునే చూసి ఊరుకోలేదు. ఎగువన తెగిన చెరువులనూ లెక్కలోకి తీసుకున్నారు. అందుకే పరిష్కారం కూడా ఎగువనే దొరికింది: 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు. 2020లో పల్లె చెరువు, గుర్రం చెరువు తెగినప్పుడు మునిగిన కాలనీలను చూస్తే, నూరేళ్ల కిందటి ఆ పద్ధతిని మనం ఎందుకు వదిలేశామా అని బాధేస్తుంది.

వాన వెలిసిన మర్నాడే యూనివర్సిటీ సివిల్ విద్యార్థులను టేపు, ఫోనుతో గల్లీల్లోకి పంపాలి. వాళ్లు రాసుకొచ్చిన కొలతలు థీసిస్‌లోనే ఉండిపోకూడదు, ఇంటి పర్మిషన్ ఫైల్లోకీ చేరాలి. 2020లో ప్రభుత్వం 10,000 రూపాయల సాయం ప్రకటిస్తే, ఎవరిల్లు మునిగింది, ఎవరిది మునగలేదు అని గొడవలయ్యాయి. ఆ కొలతలుంటే అవి చాలావరకు తప్పేవి.

ఈ కొలతలు బయటపెడితే స్థలాల రేట్లు పడిపోతాయని కొందరంటారు. పడొచ్చు. ఇప్పుడైతే ఆ నష్టమంతా ఏమీ తెలియక అడ్వాన్సు కట్టి దిగినవాళ్ల బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాల మీద పడుతోంది.