చప్పట్లు ఆపడం వేరు, బూతులు తిట్టడం వేరు

2024 ఆగస్టు 31. అట్లాంటాలోని ఈస్ట్ లేక్ మైదానంలో టూర్ చాంపియన్‌షిప్ గోల్ఫ్ టోర్నీ మూడో రౌండ్ నడుస్తోంది. గోల్ఫర్ సాహిత్ తీగల కొట్టిన బంతి బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో పడింది. కొట్టడానికి క్లబ్ (బంతిని కొట్టే కర్ర) వెనక్కి తీస్తుంటే, తగలకూడని ఇసుకకు దాని అడుగు తగిలినట్టు అతనికి అనిపించింది. తగిలి ఉంటే నాలుగు రేణువులు కదిలి ఉంటాయేమో. ఎవరూ వేలెత్తి చూపలేదు. వీడియో వేసి చూసినా స్పష్టంగా తేలలేదు. అయినా తగిలిందని తనే అధికారికి చెప్పాడు. రెండు స్ట్రోకుల పెనాల్టీ పడింది, అంటే తక్కువ దెబ్బలతో ముగించినవాడే గెలిచే ఆటలో అతని లెక్కకు రెండు దెబ్బలు కలిపారు. ఆ టోర్నీలో అతను మూడో స్థానంలో నిలిచాడు. రెండో స్థానానికి తేడా సరిగ్గా రెండు స్ట్రోకులు. చేతికి వచ్చింది 75 లక్షల డాలర్లు. ఆ పెనాల్టీ లేకపోతే రెండో స్థానాన్ని పంచుకుని కోటి డాలర్లు అందుకునేవాడు.

అంతకు అయిదేళ్ల ముందు, 2019 డిసెంబరులో, బహమాస్‌లో హీరో వరల్డ్ చాలెంజ్ టోర్నీ. అదీ మూడో రౌండే. ఆధిక్యంలో ఉన్న అమెరికా గోల్ఫర్ పాట్రిక్ రీడ్ బంతి ఇసుక నేలలో చిన్న గుంటలో ఆగింది. వెనకాల ఇసుక కాస్త గట్టులా లేచి ఉంది. రీడ్ క్లబ్బును బంతి వెనక ఆనించి, షాట్ ప్రాక్టీసు చేస్తున్నట్టు మెల్లగా వెనక్కి లాగాడు. ఇసుక జరిగింది. మళ్లీ ఆనించాడు, మళ్లీ లాగాడు. టీవీ కెమెరా అదంతా దగ్గర నుంచి పట్టుకుంది. రౌండ్ అయ్యాక రెండు స్ట్రోకుల పెనాల్టీ వేశారు. దాన్ని రీడ్ కాదనలేదు గానీ, కావాలని చేయలేదన్నాడు. కెమెరా ఇంకో కోణంలో ఉంటే క్లబ్ బంతికి అంత దగ్గరగా లేదని తెలిసేదన్నాడు. అతనూ మూడో స్థానంలోనే ముగించాడు, విజేతకు రెండు స్ట్రోకుల దూరంలో.

అదే ఇసుక, అదే శిక్ష, అదే మూడో స్థానం. కానీ హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తండ్రికి కాలిఫోర్నియాలో పుట్టిన తీగల, ఎక్కడికెళ్లినా గ్యాలరీకి సొంత మనిషి. రీడ్ పొడ ఇప్పటికీ చాలామందికి గిట్టదు. అభిమానులు ఒక గోల్ఫర్‌ను ఎందుకు అక్కున చేర్చుకుంటారు, ఇంకొకరిని ఎందుకు దూరం పెడతారు అన్నది కాలక్షేపం కబురు కాదని మేము భావిస్తున్నాం. ఆ ఇష్టాయిష్టాల్లో న్యాయమైనవి ఉన్నాయి, అన్యాయమైనవీ ఉన్నాయి. రెండింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే ఇవాళ గోల్ఫ్ మైదానాల్లో పరిస్థితి చేయి దాటుతోంది.

న్యాయమైన వాటి సంగతి ముందు చెప్పాలి. బ్యాట్ అంచుకు బంతి తగిలిందని తెలిసినా అంపైర్ వేలెత్తేదాకా కదలని బ్యాట్స్‌మన్‌ను మనం పెద్దగా తప్పుపట్టం. అంపైర్ ఉన్నాడు కదా, చూసుకుంటాడు అనుకుంటాం. గోల్ఫ్‌లో ఆ వెసులుబాటు లేదు. వందల ఎకరాల్లో వందకు పైగా ఆటగాళ్లు తిరుగుతుంటే ప్రతి షాట్ వెనకా ఒక అధికారిని నిలబెట్టడం కుదిరే పని కాదు. పొదల్లో పడిన బంతి కాస్త కదిలిందా లేదా అన్నది చాలాసార్లు ఆటగాడికి ఒక్కడికే తెలుస్తుంది. గోల్కొండ కోట పక్కన నయా కిలాలో ఆదివారం పొద్దున ఆడే వ్యాపారి నుంచి ప్రపంచ నంబర్ వన్ దాకా అందరూ తమ తప్పు తామే చెప్పుకోవాలి. 1925 యూఎస్ ఓపెన్‌లో బాబీ జోన్స్ బంతి గడ్డిలో కదిలిందంటూ తన మీద తనే పెనాల్టీ వేసుకుని, చివరికి ప్లేఆఫ్‌లో, అంటే స్కోర్లు సమానమైనప్పుడు విజేతను తేల్చే ఆటలో ఓడిపోయాడు. మెచ్చుకోవడానికి వచ్చినవాళ్లతో, ఇందులో మెచ్చుకోవడానికి ఏముందన్నట్టే మాట్లాడాడు. ఈ ఆటకు పునాది అది. ఆ పునాది మీద అనుమానం వచ్చినప్పుడు ప్రేక్షకుడికి కోపం రావడం సహజం, సబబు కూడా. రీడ్ విషయంలో పెనాల్టీ కన్నా అతని వివరణే జనానికి ఎక్కువ గుచ్చుకుంది. తప్పయింది, చూసుకోవాల్సింది అని ఊరుకుంటే కథ అక్కడితో ముగిసేదేమో. తప్పును కెమెరా కోణం మీదికి నెట్టాడు. వారం తిరక్కుండా మెల్‌బోర్న్‌లో ప్రెసిడెంట్స్ కప్‌కు (అమెరికా జట్టు, యూరప్ బయటి దేశాల జట్టు తలపడే పోటీ) వచ్చాడు. ఆస్ట్రేలియా జనం ఆటపట్టించడం మొదలుపెట్టగానే, పారతో ఇసుక ఎత్తి పోస్తున్నట్టు వాళ్ల వైపు చేతులతో చేసి చూపించాడు. పుండు మీద కారం చల్లినట్టయింది.

అయితే జనం కోపమంతా నిజాయితీ నుంచే పుడుతోందంటే మేము నమ్మం. ఇసుక గొడవ 2019 నాటిది. అంతకు ముందు ఏడాదే, అగస్టాలో జరిగే మాస్టర్స్ టోర్నీలో 2018 చివరి రోజున రీడ్, రోరీ మెక్‌ఇల్‌రాయ్ కలిసి తొలి టీ (మొదటి షాట్ కొట్టే చోటు) మీదికి వచ్చారు. రీడ్ చదువుకున్నది అగస్టా ఊళ్లోనే. అక్కడి కాలేజీ జట్టును 2010, 2011లో వరుసగా జాతీయ చాంపియన్‌ను చేసినవాళ్లలో అతనొకడు. అయినా ఆ మధ్యాహ్నం పెద్ద చప్పట్లు ఉత్తర ఐర్లండ్ కుర్రాడికే పడ్డాయి. ఊరివాడికి మర్యాదకు కొట్టినవే. ఆ సాయంత్రం రీడ్ విజేతకు ఇచ్చే గ్రీన్ జాకెట్ వేసుకున్నాడు. అప్పటికి జనం మనసులో ఉన్న ఫిర్యాదు ప్రధానంగా 2014 నాటి ఒక మాట: డొరాల్ టోర్నీలో గెలిచి, ప్రపంచంలోని మొదటి అయిదుగురిలో నేనూ ఒకణ్ని అన్నాడు. ఇరవై మూడేళ్ల కుర్రాడి గొప్ప మాట అది. అంతమాత్రానికే నాలుగేళ్లపాటు మొహం చాటేయడం ఎక్కువే.

ఒకసారి పేరు పడ్డాక పడే బాధ 2021 జనవరిలో కాలిఫోర్నియాలోని టోరీ పైన్స్ కోర్సులో కనిపించింది. మూడో రౌండ్‌లో బంతి నేలలో కూరుకుపోయిందనుకుని రీడ్ దాన్ని చేత్తో తీసి, తర్వాత అధికారిని పిలిచాడు. ఆ బంతి ఒకసారి నేల తాకి ఎగిరినట్టు, అంటే కూరుకుపోయే అవకాశం తక్కువని, రీప్లేలో తేలింది. అధికారులు తప్పు లేదన్నారు. అయినా దుమారం రేగింది. అదే రోజు, అదే కోర్సులో, 18వ హోల్‌లో మెక్‌ఇల్‌రాయ్ కూడా బంతి కూరుకుపోయిందని తీశాడు. అధికారిని పిలవలేదు కూడా. ఒక వాలంటీరు పొరపాటున దాన్ని తొక్కాడని తర్వాత తెలిసింది. మెక్‌ఇల్‌రాయ్‌ను అనుమానించినవాళ్లు దాదాపు లేరు, అనుమానించాల్సిన అవసరమూ లేదు. మా ప్రశ్నల్లా ఒకటే. ఇద్దరిలో అధికారిని పిలిచినవాడి మీదే వేళ్లన్నీ ఎందుకు లేచాయి? పచ్చకామెర్ల కంటికి కనిపించే పచ్చదనం గురించి మన పెద్దలు ఊరికే చెప్పలేదు.

ఇక కారణమే లేని ద్వేషాలు. 1962 యూఎస్ ఓపెన్ ఓక్‌మాంట్‌లో జరిగింది. పశ్చిమ పెన్సిల్వేనియా అంటే ఆర్నాల్డ్ పామర్ సొంత గడ్డ. ఆయన వెనక నడిచే అభిమానులకు 'ఆర్నీ సైన్యం' అని పేరు. ఎదుట ఉన్నది 22 ఏళ్ల జాక్ నిక్లాస్. ఒళ్లు కాస్త ఎక్కువ, నవ్వు తక్కువ. జనం 'లావుపాటి జాక్' అని అరిచారు, పుట్ (బంతిని హోల్‌లోకి దొర్లించే షాట్) కొట్టబోతుంటే కాళ్లు దబదబా నేలకు కొట్టారు. ఆదివారం నాటి ప్లేఆఫ్‌లో ఆ కుర్రాడు 71తో పామర్ 74ను దాటి గెలిచాడు. అతను చేసిన నేరం లావుగా ఉండటం, అందరికీ ఇష్టమైనవాణ్ని ఓడించడం. 24 ఏళ్లు గడిచాక, 1986లో 46 ఏళ్ల వయసులో ఆయన ఆరోసారి మాస్టర్స్ గెలుస్తుంటే అగస్టా అంతా ఊగిపోయింది. ఆ చప్పట్లు కొట్టిన చేతుల్లో, కుర్ర వయసులో ఓక్‌మాంట్‌లో గేలి చేసినవాళ్ల చేతులూ కొన్ని ఉండే ఉంటాయి. స్కాట్లండ్‌కు చెందిన కొలిన్ మాంట్‌గొమెరీకి మాత్రం అమెరికాలో అలాంటి రోజు రానే లేదు. 1999లో అమెరికా, యూరప్ జట్లు తలపడే రైడర్ కప్‌లో బ్రూక్‌లైన్ జనం తిట్ల ధాటికి ఆయన తండ్రి మైదానం వదిలి వెళ్లిపోయారు. కొడుకు ఆట చూడటానికి వచ్చిన పెద్దాయన.

బ్రైసన్ డిషాంబో కథ ఇంకో రకం. 2019 ఆగస్టులో న్యూజెర్సీలోని లిబర్టీ నేషనల్‌లో ఎనిమిది అడుగుల పుట్ కొట్టడానికి రెండు నిమిషాలకు పైగా తీసుకున్నాడు. నలభై సెకన్లలో కొట్టమంటాయి నిబంధనలు. పుస్తకం చూశాడు, నడిచాడు, మళ్లీ చూశాడు, వంగాడు, లేచాడు. చివరికి కొట్టాడు. బంతి హోల్‌లో పడలేదు. వెనకాల మ్యాచ్‌లు ఆగి ఉంటే, టికెట్ కొన్నవాడు ఎండలో నిలబడి ఉంటే చిరాకు రాదా? తప్పకుండా వస్తుంది, ఆ చిరాకు న్యాయమే. కానీ 2021కి ఆ చిరాకు వేరే రూపం ఎత్తింది. అతనికీ తోటి గోల్ఫర్ బ్రూక్స్ కెప్‌కాకీ పడదని తెలిసి, జనం అతను కనిపించగానే 'బ్రూక్సీ' అని కేకలు వేయడం మొదలుపెట్టారు. ఆ ఆగస్టులో బాల్టిమోర్ దగ్గర ఆరు ప్లేఆఫ్ హోళ్లు ఆడి ఓడి, తల వంచుకుని నడిచి వెళ్తుంటే మళ్లీ అదే కేక వినిపించింది. సహనం చచ్చి డిషాంబో ఆ కేక వేసినవాడి మీదికి తిరిగాడు. ఆ తర్వాతే ఆ పోటీలు నడిపే పీజీఏ టూర్ కమిషనర్ అలాంటి అరుపులకు మైదానం నుంచి పంపేస్తామన్నారు. చాలా ఆలస్యంగా అన్నారు.

అదే డిషాంబో మూడేళ్లకు పైన్‌హర్స్ట్‌లో, చివరి హోల్‌లో 55 గజాల దూరం నుంచి ఇసుకలో కొట్టిన షాట్‌తో రెండో యూఎస్ ఓపెన్ గెలిచాడు. జనం అతని పేరే జపించారు. పీజీఏ టూర్‌కు పోటీగా సౌదీ డబ్బుతో మొదలైన లివ్ లీగ్‌కు వెళ్లినా ఆ అభిమానం తగ్గలేదు. మనిషి మారాడా అంటే, ఆట తీరు పెద్దగా మారలేదు. జనంతో మాట్లాడటం నేర్చుకున్నాడు. యూట్యూబ్ వీడియోలు చేశాడు, జనాన్ని ఆపే తాడు పక్కన నిలబడ్డ పిల్లలకు ఆగి చేతులు కలిపాడు. దూరంగా ఉన్నప్పుడు బొమ్మలా కనిపించినవాడు దగ్గరికొస్తే మనిషిలా కనిపించాడు. గోల్ఫర్లు దీన్ని గమనించాలి. అభిమానులకు కావలసింది ట్రోఫీలు మాత్రమే కాదు. 2022లో ఫీనిక్స్‌లో 17వ హోల్‌లో బంతి నీళ్లలోకి జారి ట్రోఫీ చేజారాక, తీగల కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ రోజు అతనికి దక్కిన అభిమానం ట్రోఫీ గెలిచినవాడికి దక్కిన దానికి తక్కువేం కాదు.

లివ్ లీగ్ మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. సౌదీ పాలకుల రికార్డు తెలిసీ ఆ డబ్బు తీసుకోవడాన్ని అభిమానులు ప్రశ్నించడం సబబే. 2021 మేలో 50 ఏళ్ల వయసులో ఫిల్ మికెల్సన్ మేజర్ (గోల్ఫ్‌లో నాలుగు పెద్ద టోర్నీల్లో ఒకటి) గెలిస్తే వేలమంది 18వ హోల్ మీదికి వెల్లువెత్తారు. సౌదీల గురించి తెలిసీ ఎందుకు చేతులు కలుపుతున్నాడో అతనే చెప్పిన మాటలు తొమ్మిది నెలలకు అచ్చయ్యాక ఆ ప్రేమ ఆవిరైపోయింది. కానీ అదే ఊపులో ఆ లీగ్‌లో చేరిన ప్రతివాణ్నీ ద్రోహి అనడం తగదు. మన అనిర్బన్ లాహిరి లాంటివాడు దేశం నుంచి ఒంటరిగా వెళ్లి ఏళ్ల తరబడి పోరాడి 2022లో అటు వెళ్లాడు. కుటుంబం భవిష్యత్తు చూసుకున్న ఆటగాడినీ, తెర వెనక బేరాలు నడిపినవాడినీ ఒకే త్రాసులో తూచకూడదు.

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టింది 2025 సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గర బెత్‌పేజ్ బ్లాక్‌లో జరిగింది. 2002లో సెర్జియో గార్సియా క్లబ్ పట్టు ఎన్నిసార్లు మారుస్తాడో గట్టిగా లెక్కపెట్టి ఏడిపించిన మైదానం అది. ఈసారి రైడర్ కప్. మెక్‌ఇల్‌రాయ్ షాట్ కొట్టబోతుంటే బూతులు, అతని ఇంటి విషయాల మీద మాటలు. తొలి టీ దగ్గర మైకు పట్టుకున్న వ్యాఖ్యాతే అతని మీద బూతు నినాదంలో గొంతు కలిపి, ఆ తర్వాత బాధ్యతల నుంచి తప్పుకుంది. గ్యాలరీ నుంచి విసిరిన బీరు అతని భార్య ఎరికా టోపీని తాకింది. అయిదు నెలల ముందే, ఏప్రిల్‌లో, అతను మాస్టర్స్ గెలిచి నాలుగు మేజర్లూ పూర్తి చేస్తే ఇదే అమెరికా జనం 'రోరీ, రోరీ' అని గొంతు పోయేలా అరిచారు. ఆ మధ్యలో అతను ఏ మోసమూ చేయలేదు, ఎవరినీ మాట అనలేదు. చొక్కా మీద యూరప్ రంగు ఉంది, అంతే. ఆ గొడవ మధ్యే శనివారం రెండు మ్యాచ్‌లూ గెలిచాడు. యూరప్ 15-13తో కప్పు నిలబెట్టుకుంది.

దీనికి తాగి అరిచినవాళ్లను మాత్రమే బాధ్యుల్ని చేస్తే సగం నిజమే చెప్పినట్టు. రోజుకు సుమారు 750 డాలర్లు పెట్టి టికెట్ కొన్నవాడికి, నీ అరుపే ఇక్కడ ఆకర్షణ అని ప్రచారంలో చెబుతూ వచ్చింది నిర్వాహకులే. మైకు ఎవరి చేతికి ఇవ్వాలో నిర్ణయించింది వాళ్లే. పోలీసుల్ని పెంచింది పరిస్థితి చేయి దాటాక. క్షమాపణ వచ్చింది అంతా అయిపోయాక. ఫీనిక్స్ ఓపెన్‌లోనూ 2024లో జనం అదుపు తప్పాకే మద్యం అమ్మకం ఆపి గేట్లు మూశారు. అల్లరిని అమ్ముకోవడం, అది అతిగా మారాక ఆశ్చర్యపోవడం ఇక కుదరదు.

రైడర్ కప్‌ను అమెరికాలో నిర్వహించే పీజీఏ ఆఫ్ అమెరికా ప్రధాన కార్యాలయం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంది. డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ ఊళ్లలో ఫ్రిస్కో ఒకటి. ఆ సంస్థ 2027 మేలో పీజీఏ చాంపియన్‌షిప్‌ను అక్కడే నిర్వహించబోతోంది. మన పిల్లలు చాలామంది తొలిసారి తాడు పక్కన నిలబడి మేజర్ చూసేది అప్పుడే. ఆలోపు ఆ సంస్థ చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఆటగాడు క్లబ్ వెనక్కి తీస్తుండగా అరిచినవాణ్ని అక్కడికక్కడే బయటికి పంపే అధికారం జనాన్ని అదుపు చేసే మార్షల్‌కు ఇవ్వాలి. ఆటగాళ్ల భార్యల్ని, పిల్లల్ని తిట్టినవాడికి మళ్లీ టికెట్ అమ్మకూడదు. చివరి జోడీలు ఆఖరి హోళ్లకు చేరేసరికి బీరు కౌంటర్లు మూసేయాలి. ఇసుక కదిలించాడని నమ్మే గోల్ఫర్‌కు చప్పట్లు కొట్టాలా వద్దా అన్నది టికెట్ కొన్నవాడి ఇష్టం. చేతులు కట్టుకుని నిలబడే హక్కు అతనికి ఉంది. అగస్టాలో 2018 మధ్యాహ్నం జనం చేసింది దాదాపు అదే, దాని గురించి రీడ్ కూడా ఎవరికీ ఫిర్యాదు చేయలేదు.