బొమ్మ ఆడింది, బుర్ర ఆడిందా?

అంకెలను క్రమంలో పేర్చే పద్ధతిని చూపించే యానిమేషన్‌లో రంగు రంగుల కడ్డీలు తెర మీద అటూ ఇటూ జరిగి, చివరకు ఎత్తుల వారీగా మెట్లలా నిలబడతాయి. తరగతి అంతా తల ఊపుతుంది. అప్పుడు తెర ఆపేసి అడగండి: 5, 1, 4, 2, 8 వరుస మీద బబుల్ సార్ట్ (పక్కపక్క అంకెలను పోల్చి, పెద్దది ముందుంటే చోట్లు మార్చే పద్ధతి) ఒక్క విడత, అంటే మొదటి నుంచి చివరి దాకా ఒకసారి, నడిస్తే ఏ వరుస వస్తుంది? ఊగిన తలల్లో చాలా వరకు కిందికి వాలతాయి. (జవాబు 1, 4, 2, 5, 8.)

అల్గారిథమ్‌లకు, అంటే కంప్యూటర్ అడుగడుగునా పాటించే పద్ధతులకు, బొమ్మకట్టడం కొత్త ముచ్చటేమీ కాదు. 1981లోనే టొరంటో విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ బేకర్ తొమ్మిది సార్టింగ్ (క్రమంలో పేర్చే) పద్ధతులను అరగంట చిత్రంగా తీశారు. తర్వాత ఇలాంటి బొమ్మలు చూపించే సాఫ్ట్‌వేర్లు బాల్సా, జాన్ స్టాస్కో రూపొందించిన టాంగో వచ్చాయి. ఇప్పుడు సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ హలీమ్ 2011లో మొదలుపెట్టిన విజ్యుఆల్గో అనే వెబ్‌సైట్ ఫోనులోనే తెరుచుకుంటుంది.

అసలు సంగతి వేరే ఉంది. 2002లో హండ్‌హౌసెన్, డగ్లస్ అనే పరిశోధకులు ఇలాంటి బొమ్మలతో చదువు ఎంత వస్తుందన్న దానిపై అప్పటికి జరిగిన 24 ప్రయోగాలను ఒక్కచోట చేర్చి పరిశీలించారు. తెర మీద ఏమి కనిపించిందన్న దానికంటే, దానితో విద్యార్థి ఏమి చేశాడన్నదే ముఖ్యమని తేల్చారు. ఆ పరిశోధనలో మూడో పేరు ఎవరిదో తెలుసా? టాంగో తయారుచేసిన ఆ స్టాస్కోదే. వంట చేసినవారే ఉప్పు సరిపోలేదని చెప్పాక మనం లొట్టలు వేయడం ఎందుకు?

బొమ్మలు అక్కర్లేదని నేను అనను. ఏవీఎల్ చెట్టును (కొమ్మలు సమతూకంగా ఉండేలా డేటాను పేర్చే అమరిక) తిప్పడం, లింక్డ్ లిస్టులో (గొలుసులా అల్లిన డేటా వరుస) ఒక కణుపును తీసేయడం నల్లబల్ల మీద చెరిపి చెరిపి గీసేసరికి గంట కొట్టేస్తారు. అక్కడ యానిమేషన్ వరమే.

కానీ ఆ సాధనంలో విలువైన మీట ‘నడిపించు’ కాదు, ‘ఆపు’. ప్రతి అడుగు ముందూ ఆగాలి. తర్వాత ఏ రెండు అంకెలు చోటు మారతాయో విద్యార్థి చెప్పాలి. తప్పు చెబితే ఎందుకు తప్పిందో వెతుక్కోవాలి. ఊహ తప్పిన క్షణంలోనే అల్గారిథమ్ బుర్రలోకి దిగుతుంది. విజ్యుఆల్గోలో తనంతట తానే ప్రశ్నలు తయారుచేసే క్విజ్ ఉంది. నేను చూసిన తరగతుల్లో దాన్ని తెరిచిన మాస్టారు ఒక్కరూ లేరు. సిలబస్ పూర్తి కావాలి కదా!

ఈ జబ్బు కంప్యూటర్లతో వచ్చింది కాదు. చిన్నప్పుడు చూచిరాత రాయించిన చదువే ఇంజినీరింగులో ల్యాబ్ రికార్డుగా ఎదురవుతుంది. నిరుటి సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని, ఆ అవుట్‌పుట్‌నే పొందికగా దించి సంతకం చేయించుకుంటాం. ప్రోగ్రామ్ నడిచిందా అని అడిగేవారు లేరు. నల్లబల్ల పోయి స్మార్ట్ బోర్డు వచ్చినా విద్యార్థి కూర్చున్న బల్ల ప్రేక్షకుల బల్లగానే మిగిలింది. లక్షలు పోసి కొన్నది పెద్ద తెర, అంతే.

ఒక్క వారం ఆ తెర కట్టేయండి. ఐదు చీటీల మీద ఐదు అంకెలు రాసి, ఐదుగురు పిల్లల చేతికిచ్చి వరుసగా నిలబెట్టండి. ఆరో పిల్లను పిలిచి బబుల్ సార్ట్ చేయించమనండి. రెండో విడతలో ఆమె ఎక్కడో తడబడుతుంది, వెనక బల్ల నుంచి ఎవరో ‘కాదు కాదు, నాలుగు ఇటు’ అని అరుస్తారు. ఆ అరిచిన కుర్రాడి రికార్డు మీద అడగకుండానే సంతకం పెట్టేయొచ్చు.