హాస్టల్ సెక్రటరీ పదవికి దరఖాస్తు పెట్టబోయే చెల్లెళ్లకు

మొన్న సోమవారం మా హాస్టల్ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. వచ్చే విద్యా సంవత్సరానికి మెస్ సెక్రటరీ పదవికి ఆసక్తి ఉన్న విద్యార్థినులు దరఖాస్తు చేసుకోవాలని, తమ నాయకత్వ లక్షణాలను, సేవాభావాన్ని మూడు వందల మాటలకు మించకుండా రాసి ఇవ్వాలని, వార్డెన్‌తో పాటు ఇద్దరు అధ్యాపకులు ఇంటర్వ్యూ చేసి ఎంపిక చేస్తారని అందులో ఉంది. ఆ రాత్రే "అక్కా, ఒక్కసారి చూసిపెట్టవా" అంటూ నలుగురు అమ్మాయిలు నా గదికి వచ్చారు. నాలుగు దరఖాస్తులూ చదివాను. ఒకమ్మాయి పదో తరగతిలో క్లాస్ లీడరు, ఇంకొకమ్మాయి ఖోఖో కెప్టెను, మిగిలిన ఇద్దరికీ పదిమందినీ కలుపుకొని పోయే గుణం పుట్టుకతోనే వచ్చిందట. మెస్ సెక్రటరీ పదవికి రాసిన ఆ నాలుగు కాగితాల్లో ఒక్కదానిలోనైనా కందిపప్పు అన్న మాట గానీ, రిజిస్టరు అన్న మాట గానీ లేవు. తప్పు వాళ్లది కాదు. అడిగిన ప్రశ్నే అలాంటిది.

పీజీ చదివే రోజుల్లో, వేరొక విశ్వవిద్యాలయం హాస్టల్లో, నేను తొమ్మిది నెలలు ఈ పని చేశాను. మొదటిసారి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు చివర్లో "నువ్వేమైనా అడుగుతావా" అన్నారు. "సరుకుల బిల్లులు సెక్రటరీ చూడవచ్చా మేడమ్" అని అడిగాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకొని, "అవన్నీ ఆఫీసు చూసుకుంటుందమ్మా" అన్నారు. నాకు పదవి రాలేదు. ఎంపికైన అమ్మాయి కొద్ది వారాలకే హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోవడంతో మళ్లీ దరఖాస్తులు పిలిచారు. ఈసారి నేను కూడా సేవాభావం గురించే రాశాను. వెంటనే వచ్చింది.

నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. బోర్డర్ల, అంటే హాస్టల్లో ఉండి మెస్‌లో తినే విద్యార్థినుల, తరఫున వార్డెన్‌ను ప్రశ్నించవలసిన మనిషిని ఆ వార్డెనే ఇంటర్వ్యూ చేసి ఎంపిక చేస్తే, వచ్చేది బోర్డర్ల ప్రతినిధి కాదు, జీతం లేని అసిస్టెంట్ కేర్‌టేకర్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివర రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి ఎన్నికలు ఆగిపోయాక పుట్టిన మా తరానికి ఇది వింతగా కూడా అనిపించదు, ఎందుకంటే మేము చూసిన పద్ధతి ఇదొక్కటే. ఇదే హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులు తమ సంఘాన్ని ఓట్లతో ఎన్నుకుంటున్నారు. విద్యార్థి సంఘాల ఎన్నికలు ఎలా జరపాలో చెప్పిన లింగ్డో కమిటీ సిఫార్సులను అమలు చేయాలని సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించింది. అభ్యర్థికి 75 శాతం హాజరు ఉండాలని, ఒక్కొక్కరి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదని అందులో స్పష్టంగా ఉంది. అంటే రెండు వందల మంది ఉండే ఒక హాస్టల్లో చీటీలు వేసి ఒక సెక్రటరీని ఎన్నుకోవడానికి నియమాలు లేవనే సాకు కూడా మిగలలేదు.

ఎన్నికలంటే గొడవలని, కులాలు, పార్టీలు వచ్చి చేరతాయని కొందరు మేడమ్‌లు అంటారు. వస్తాయి, కాదనను. కానీ ఇంటర్వ్యూ గదిలోకి అవేవీ రావని మాత్రం నమ్మమనకండి.

ఇక పని సంగతి. మా హాస్టళ్లలో నడిచేది డివైడింగ్ సిస్టమ్. ఒక నెలలో మెస్‌కు అయిన మొత్తం ఖర్చును, బోర్డర్లందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తే వచ్చేది ఆ నెల రోజువారీ రేటు. ఇంటికి వెళ్లే అమ్మాయి ముందుగా రాసి ఇస్తే ఆ రోజులు తగ్గిస్తారు. చూడటానికి ఇంతకంటే న్యాయమైన లెక్క ఉండదు. లాభం తీసే కాంట్రాక్టరు లేడు, తిన్నదానికే కడతాము. అయితే ఈ లెక్కలో పైన ఉన్న అంకె పెరిగినా, కింద ఉన్న అంకె తగ్గినా, ఆ భారం మోసేది బోర్డరే. ఉదాహరణకు 210 మంది ఉన్న హాస్టల్లో 30 రోజులకు 6,30,000 రూపాయలు ఖర్చయితే, 6,300 రోజులతో భాగించి రోజుకు 100 రూపాయలు వేస్తారు. అదే హాస్టల్లో రిజిస్టరులో పేరు లేకుండా మరో ఇరవై మంది తింటున్నారనుకోండి. ఆ ఆరు వందల రోజులనూ లెక్కలో కలిపి ఉంటే రేటు 91 రూపాయల 30 పైసలు అయ్యేది. అంటే ప్రతి అమ్మాయీ నెలకు దాదాపు 261 రూపాయలు ఎవరి తిండికో కట్టింది. ఇది చిన్న మొత్తం కదా అనుకునేవారికి ఒక మాట. తెలంగాణలో సంక్షేమ హాస్టళ్ల డైట్ చార్జీలను, అంటే తిండికి ప్రభుత్వం ఇచ్చే డబ్బును, 2024లో పెంచాక కూడా, ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవారికి నెలకు వచ్చేది 2,100 రూపాయలు. 261 అంటే అందులో ఎనిమిదో వంతు.

ఈ అంకెలు సరిగా ఉన్నాయో లేదో చూడటమే సెక్రటరీ అసలు పని. సాయంత్రం ఆరు గంటలకు స్టోర్ తెరుస్తారు. మరుసటి రోజు వంటకు కావలసిన సరుకులు ఇండెంటు, అంటే ముందుగా రాసిన సరుకుల పట్టీ, ప్రకారం తూచి వంట మాస్టర్‌కు ఇవ్వాలి, సెక్రటరీ దగ్గరుండి చూసి స్టాక్ రిజిస్టరులో సంతకం పెట్టాలి. మొదటి వారంలోనే ఒక రోజు 12 కిలోల కందిపప్పు అని రాసి ఉంది, కాటా మీద అంకె 10 కిలోల 400 దగ్గర ఆగింది. నేను అడిగితే, "గోనె సంచి బరువు ఉంటుంది కదమ్మా" అన్నారు కేర్‌టేకర్. పప్పు ఉన్నది ప్లాస్టిక్ బకెట్‌లో. ఆ రోజు మళ్లీ తూయించాను. రెండు నెలల పాటు రోజూ అలాగే తూయించాను. ఆ తరువాత సెమిస్టరు పరీక్షలు వచ్చాయి.

నా తప్పు కూడా చెప్పాలి. పరీక్షల ముందు ఒక రాత్రి కేర్‌టేకర్ రిజిస్టరు పట్టుకొని నా గదికే వచ్చి, "చదువుకునే పిల్లవి, రోజూ కిందికి దిగి రావడమెందుకు" అని ఎంతో ప్రేమగా అన్నారు. తేదీలు వేసిన పది వరుసలు ఖాళీగా ఉన్నాయి. నిలువుగా పది సంతకాలు పెట్టేశాను, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నెలాఖరున రేటు రోజుకు పద్నాలుగు రూపాయలు పెరిగింది. అమ్మాయిలందరూ ఆఫీసు ముందు చేరి లెక్క చూపించమన్నారు. వార్డెన్ మేడమ్ రిజిస్టరు తెప్పించి, ఆ పేజీ తెరిచి, అందరి ముందూ నా వైపు తిప్పి, "సంతకం నీదేనా అమ్మా" అని అడిగారు. నాదే. నా పక్క గది అమ్మాయి ఆ తరువాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు, అందులో ఆమె తప్పేమీ లేదు. బిల్లులు చూసే అధికారం ఇవ్వని ఆఫీసుకు నా సంతకం ఎందుకు అంత అవసరమో నాకు అప్పుడు అర్థమైంది.

అమ్మాయిల హాస్టల్లో ఇంకో రిజిస్టరు కూడా ఉంటుంది, గేటు దగ్గరది. రాత్రి ఎనిమిదిన్నర తరువాత వచ్చిన వాళ్ల పేర్లు రాసి సెక్రటరీ కూడా సంతకం చేయాలన్నారు. మెస్ సెక్రటరీకి గేటుతో పనేమిటో ఈనాటికీ నాకు తెలియదు. మా ఎదురుగా ఉన్న అబ్బాయిల హాస్టల్ గేటుకు తాళం వేసిన రోజే లేదు. భద్రత పేరు చెప్పి అబ్బాయిలకు లేని ఆంక్షలను అమ్మాయిల హాస్టళ్లలో పెట్టకూడదని లైంగిక వేధింపుల నివారణపై యూజీసీ 2015 నిబంధనలలోనే ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి చూపిస్తే, "అది ఢిల్లీ వాళ్లకమ్మా" అన్నారు. ఆ రిజిస్టరులో మాత్రం నేను ఒక్క సంతకమూ చేయలేదు. కందిపప్పు దగ్గర చేతకాని ధైర్యం అక్కడ ఎలా వచ్చిందో, బహుశా రాయవలసినవి నా స్నేహితుల పేర్లు కావడం వల్లనేమో.

వార్డెన్లందరూ దొంగలని నేను అనడం లేదు. పాఠాలు చెప్పుకుంటూ, పరిశోధన చూసుకుంటూ, పైన హాస్టల్ బాధ్యత కూడా మోసే అధ్యాపకులకు ప్రతి సాయంత్రం కాటా దగ్గర నిలబడే తీరిక ఉండదు. అందుకే ఆ నిలబడే మనిషిని బోర్డర్లు పంపాలి, ఆ మనిషి బోర్డర్లకే జవాబు చెప్పాలి.

నలుగురిలో ముగ్గురు నా మాటలు విని, "సర్టిఫికెట్ ఇస్తారు కదక్కా, సీవీలో పనికొస్తుంది" అని తమ దరఖాస్తులు తీసుకొని వెళ్లారు. వాళ్లను నిందించలేను, నేనూ ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ ఫైల్లో పెట్టుకొనే ఉన్నాను. ఖోఖో అమ్మాయి ఒక్కతే కూర్చుంది. నాయకత్వ లక్షణాల పేరా కొట్టేసి, ఆ చోట మూడు వాక్యాలు రాసింది. సరుకుల బిల్లులు ప్రతి నెలా సెక్రటరీకి చూపించాలి. రేటు ఎలా వచ్చిందో మొత్తం ఖర్చు, మొత్తం రోజులతో సహా నోటీసు బోర్డు మీద పెట్టాలి. తన కళ్ల ముందు తూయని సరుకుకు తాను సంతకం చేయదు. "ఇలా రాస్తే ఇస్తారా అక్కా" అని అడిగింది. ఇవ్వరని చెప్పాను. దరఖాస్తు గడువు శుక్రవారం సాయంత్రం అయిదు గంటల దాకా ఉంది. ఆమె గురువారం పొద్దున్నే వెళ్లి ఇచ్చి, అందినట్టు రెండో కాపీ మీద కేర్‌టేకర్ చేత సంతకం పెట్టించుకొని వచ్చింది.