ఏ రాష్ట్రాల హక్కులు?

అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్లు చుట్టాలొస్తే తీసుకెళ్లే చోట్లలో స్టోన్ మౌంటెన్ ఒకటి. కొండెక్కుతాం, దిగి పచ్చిక మీద పులిహోర తింటాం, ఎదురుగా రాతిలో చెక్కిన ముగ్గురు గుర్రపు రౌతులు పడేలా ఫొటో దిగుతాం. వాళ్లెవరో పెద్దగా పట్టించుకోం. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకు అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్, ఆయన సేనానులు రాబర్ట్ లీ, స్టోన్‌వాల్ జాక్సన్.

మొన్న అక్కడే ఒక మిత్రుడు, "ఆ యుద్ధం బానిసల గురించి కాదండీ, రాష్ట్రాల హక్కుల గురించి" అన్నాడు. రాష్ట్రం, కేంద్రం గొడవలు చూస్తూ పెరిగినవాళ్లం కదా, ఈ మాట మనకు తేలిగ్గా ఎక్కుతుంది. నాకు మాత్రం ఎక్కలేదు.

ఎందుకంటే 1850లో దక్షిణాది పట్టుబట్టి తెచ్చుకున్న చట్టం రాష్ట్రాల హక్కులకు పూర్తిగా ఎదురు. ఉత్తరాదికి పారిపోయిన బానిసను పట్టి యజమానికి అప్పగించే బాధ్యతను అది ఫెడరల్ ప్రభుత్వం, అంటే కేంద్రం నెత్తిన పెట్టింది. పట్టుబడిన మనిషికి జ్యూరీ లేదు, తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే వీలూ లేదు. బానిసే అని తేలిస్తే విచారించే ఫెడరల్ అధికారికి (కమిషనర్‌కు) 10 డాలర్లు, కాదని వదిలేస్తే 5. అప్పగించాలంటే కాగితాల పని ఎక్కువట, అందుకని ఆ తేడా!

1854లో, మిస్సోరి నుంచి పారిపోయి విస్కాన్సిన్‌లో బతుకుతున్న జాషువా గ్లోవర్‌ను పట్టుకుని మిల్వాకీ జైల్లో పెట్టారు. జనం జైలు తలుపు పగలగొట్టి విడిపించారు, ఆయన కెనడా చేరాడు. విడిపించినవాళ్ల మీద పెట్టిన కేసుల్లోనే విస్కాన్సిన్ సుప్రీంకోర్టు అసలు ఆ చట్టమే చెల్లదంది. రాష్ట్ర హక్కు అంటే ఇంతకన్నా ఏముంటుంది? 1859లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మరుసటి ఏడాది డిసెంబరులో సౌత్ కరోలినా విడిపోతూ రాసిన పత్రంలో పెద్ద ఫిర్యాదు, ఉత్తరాది రాష్ట్రాలు ఈ చట్టానికి అడ్డుపడుతున్నాయనే. బానిసను వెంటబెట్టుకుని తన గడ్డ మీదుగా వెళ్లనివ్వడం లేదని న్యూయార్క్ మీద ఇంకో ఫిర్యాదు. అట్లాంటా ఉన్న మన జార్జియా రాష్ట్రం పత్రమైతే రెండో వాక్యంలోనే బానిసత్వం సంగతి ఎత్తుకుంది. విడిపోయాక రాసుకున్న కొత్త రాజ్యాంగం బానిసల మీద ఆస్తి హక్కును తగ్గించే చట్టమేదీ చేయకూడదంది.

డబ్బు లెక్క చూస్తే ఆశ్చర్యం లేదు. 1860 నాటికి దాదాపు 40 లక్షల మంది బానిసలు, అమెరికా ఎగుమతుల విలువలో సగానికి పైగా, ఎక్కువగా వాళ్ల చేత పండించిన పత్తిదే. అలాగని ఉత్తరాదిని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఆ పత్తి వ్యాపారం పోతుందన్న భయంతో 1861 జనవరిలో న్యూయార్క్ మేయర్ ఫెర్నాండో వుడ్, నగరం కూడా దేశం నుంచి విడిపోతే బాగుంటుందన్నాడు.

నల్లవాళ్లు ఈ దేశ పౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటను చెరిపేయడానికి యుద్ధం తర్వాత, 1868లో, 14వ సవరణ వచ్చింది. ఇక్కడ పుట్టినవాళ్లు ఇక్కడి పౌరులే అన్నది అందులోదే. మా మిత్రుడి ఇద్దరు పిల్లలూ అట్లాంటాలోనే పుట్టారు. మేం వాదించుకుంటుంటే వాళ్లు, "అంకుల్, గుర్రాలు కూడా పడాలి" అంటూ ఫొటో కోసం నా చెయ్యి లాగుతున్నారు.